రైలామె అడిగిన మాట

“సారుమీద కంప్లైంటు ఇస్తే ఫెయిలు చేస్తాడు. నోరు మూసుకోని చదువు!”

“మూసుకున్నందుకే కదవ్వా, నా ప్రాజెక్టును ఇంకొకరి పేరున రాసినాడు!”

తిరువళ్ళూరులో రైలెక్కి నేనూ మనవరాలు మంజులా ఇట్లా పోట్లాడుకుంటుంటే, ఎదురుగా కూర్చున్నామె కల్పించుకుంది. యూనివర్సిటీలో పిల్లల ఫిర్యాదులు వినే ఆఫీసులో ఆమెకు ఉద్యోగమట. నన్ను వదిలేసి మంజులవైపు తిరిగింది.

“నీకేం కావాల పాపా?”

“అది నా పనేనని ఒప్పుకుంటే చాలక్కా.”

నేను ఒక్కసారైనా ఆ మాట అడిగినదాన్ని కాను.

“మీ కాలేజీలోనూ అట్లాంటి ఆఫీసుంటాది. నువ్వు సరేననందే సారుకు చెప్పరు.”

“నేనే పోయి చెప్తా,” అన్నాను.

“తోడు పొండవ్వా. లోపలికి మాత్రం పాపే పోవాల. పెద్దోళ్ళు పక్కనుంటే పిల్లోళ్ళు సగమే చెప్తారు.”

ఆమె తిరుత్తణిలో దిగిపోయింది.

మరునాడు పొద్దున మంజుల ఒక్కతే కాలేజీలోని ఆ ఆఫీసు గదిలోకి వెళ్ళింది. ఇంటినుంచి తెచ్చిన మజ్జిగ సీసా ఒళ్ళో పెట్టుకుని నేను వరండాలో కూర్చున్నాను.