లావును తిట్టని వైద్యురాలు

డాక్టర్ హైమవతి గారు ఇక లేరన్న వార్త రోగులను చూస్తుండగా నన్ను చేరింది. ఫోన్ చేసినది ఆమె తమ్ముడు. "అక్క నిద్రలోనే పోయింది నాయనా" అన్నాడు. ఎదుట కూర్చున్న రోగి మణికట్టు పట్టుకుని నేను అలాగే ఉండిపోయాను. మెదడులో రక్తనాళం చిట్లిందని తర్వాత తెలిసింది. నిద్రలో రక్తపోటు ఏమవుతుందో తెలుసుకోవడానికి జీవితమంతా ధారపోసిన విదుషీమణిని మృత్యువు ఆ నిద్రలోనే వెతికి పట్టుకుంది. విధికి పరిహాసం మీద ఇంత మక్కువ ఉందని నాకు అంతవరకూ తెలియదు.

నేను ఆమె శిష్యుణ్ణి. నెల్లూరులోని ఒక ఆసుపత్రిలో ఆమె దగ్గరే వైద్యం నేర్చుకుని, ఆపైన ఆమె పక్క గదిలోనే కూర్చుని పనిచేశాను. ఈ నివాళి అశ్రుధారలతో రాయవలసింది. కోపంతో రాస్తున్నాను, పాఠకులు మన్నించాలి. దానికి కారణం సంతాపసభ. ఆమెతో కలిసి చదువుకున్న ఒక సీనియర్ వైద్యుడు వేదిక మీద గొంతు సవరించుకుని, "పదిమందికి చెప్పవలసిన వైద్యురాలే తన స్థూలకాయాన్ని అదుపులో పెట్టుకోలేకపోవడం మనందరికీ గుణపాఠం" అన్నాడు. సభలో తలలు ఊగాయి. ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి ఆగారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆమెకు ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

అవును, ఆవిడ లావుగానే ఉండేవారు. చిన్నప్పటి నుంచీ అంతే, వాళ్ళమ్మగారూ అంతే. ఆసుపత్రి వరండాలో ఆమె నడిచి వస్తుంటే కుర్ర డాక్టర్లు గోడకు ఆనుకుని దారి ఇచ్చేవాళ్ళు, ఇచ్చి వెనక నవ్వుకునేవాళ్ళు. "నవ్వుకోనీ అబ్బయా, పరీక్షలో నా ఎదురుగా కూర్చున్నప్పుడు ఏడుస్తారు గదా" అనేవారు నాతో. నేను సన్నగా ఉంటాను గనుక నన్ను ఎముకలపోగు అని పిలిచేవారు. ఆమె తిండి దాచుకుని తినలేదు. మధ్యాహ్నం అందరి ఎదుటే క్యారియర్ మూత తీసి చేపలపులుసు కలుపుకునేవారు. సాయంత్రం నడిచేవారు, మాత్రలు తప్పకుండా వేసుకునేవారు. అయినా ఒళ్ళు ఆమె మాట వినలేదు. ఒళ్ళు మాట వినకపోవడం నేరమని ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆమె చెప్పిన మొదటి పాఠం నాకింకా చెవిలో ఉంది. "గుండె ఒక పంపు అని చదువుకోని వచ్చినారు గదా. అది సగమే. గుండె ఒక గ్రంథి కూడా" అన్నారు. గుండె తానే ఒక హార్మోనును స్రవిస్తుంది. అది రక్తనాళాలను సడలిస్తుంది, అదనపు ఉప్పును బయటికి పంపమని మూత్రపిండాలను ప్రేరేపిస్తుంది. సన్నని దేహంలో ఈ స్రావానికీ రక్తపోటుకూ మధ్య ఒక దినచర్య ఉంటుంది, ఒకటి పెరిగే వేళకు రెండోది దిగుతుంది. స్థూలకాయంలో ఆ స్రావమే తక్కువ, దాని లయ కూడా చెదిరిపోతుంది. నిద్రలో దిగవలసిన రక్తపోటు చాలామందిలో దిగదు. "లావుగా ఉండేవాళ్ళ గుండె పగలూ రాత్రీ తేడా మరిచిపోయి ఉండాది. దానికి మందు వెతకండి, తిట్లు వెతకబాకండి" అని ఆ పాఠం ముగించారు.

తిట్టు అన్నది ఆమె ఊరికే వాడిన మాట కాదు. ఒకసారి ఒక జూనియర్ కేసు షీటులో "స్థూలకాయం, బరువు తగ్గమని చెప్పితిమి" అని మాత్రం రాసి సంతకం పెట్టాడు. ఆమె ఆ కాగితాన్ని అతని ముఖాన కొట్టినంత పని చేశారు. "ఇది రోగనిర్ధారణా, తిట్టా?" అని అందరూ వినేట్టు అరిచారు. ఆమె శాంతమూర్తి అని ఎవరైనా రాస్తే నమ్మకండి. కోపం వస్తే ఎదుట ఎవరున్నదీ చూసేవారు కాదు, తర్వాత క్షమాపణ చెప్పే అలవాటూ లేదు.

నెలకొకసారి జీపులో మైపాడు వెళ్ళి అక్కడి మత్స్యకార కుటుంబాలకు రక్తపోటు చూసేవాళ్ళం. క్యాంపులో అందరి అంకెలూ ముచ్చటగా ఉండేవి. అదే ఊరి నుంచి పక్షవాతంతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు మాత్రం తగ్గలేదు. హైమవతి గారికి ఇది అంతుపట్టలేదు. చివరికొకనాడు, చేపలమ్మే పోలమ్మ అనే భారీ మనిషిని కూర్చోబెట్టి, రోజూ మాత్ర వేసుకుంటున్నావా అని అడిగారు.

"మీరొచ్చే దినం ఏసుకోకుండా ఉంటామా తల్లీ! తలకు పోసుకోని, ఉతికిన కోక కట్టుకోని, మాత్ర ఏసుకోనే వస్తాం" అంది పోలమ్మ గర్వంగా.

"తక్కిన దినాలో?"

"తక్కిన దినాల్లో ఎవురు చూడొచ్చారు? మిషన్లో నెంబరు ఎక్కువొస్తే వేరే డాక్టరయితే తిట్టిపోతాడు. మీరు తిట్టరు, మొకం చిన్నబుచ్చుకుంటారు. అంత దూరం నించి మాకోసరం వొచ్చి మీరు బాధపడిపోవల్నా?"

ఇంటికి పెద్దలు వస్తుంటే వాకిలి ఊడ్చినట్టు, ఆ ఊరంతా డాక్టరమ్మ కోసం రక్తపోటును శుభ్రం చేసి పెట్టింది. తిరుగు ప్రయాణంలో ఆమె, "చూసినావా అబ్బయా, వాళ్ళు మందేసింది గుండెకు గాదు, నా మనసుకు" అని కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాతే రోజంతా చేతికి కట్టి ఉంచే బీపీ యంత్రాన్ని, లావు చేతికి సరిపోయే వెడల్పాటి పట్టీతో సహా, పట్టుబట్టి తెప్పించారు. దాన్ని కట్టేముందు ప్రతి ఆడమనిషినీ "నీకు రాత్రెప్పుడు?" అని అడిగేవారు. వాళ్ళు తెల్లవారకముందే పడవలకు ఎదురువెళ్ళి, చేపలు తీసుకుని ఆటోల్లో టౌనుకు పోయి, అమ్ముకుని వచ్చి, పొద్దుండగానే కాసేపు పడుకుంటారు. వాళ్ళ నిద్ర ఎప్పుడైతే అప్పుడే రాత్రి అని ఆమె లెక్క. పట్టీ బిగిసినప్పుడల్లా చెయ్యి కదపకూడదని చెప్పి పోలమ్మను మార్కెట్టుకు పంపించారు. మర్నాడు ఆమె నవ్వుతూ వచ్చింది. "బేరం మజ్జెలో బిగిసింది తల్లీ. నేను పలక్కుండా బొమ్మ మాదిరి నిలబడిపోతే, రేటు నచ్చలేదనుకోని కొనే ఆయమ్మే పెంచింది!" అంది. హైమవతి గారు పగలబడి నవ్వారు. యంత్రం చెప్పినది మాత్రం నవ్వే సంగతి కాదు. పోలమ్మ నిద్రపోయినా రక్తపోటు నిద్రపోలేదు. యంత్రం గీసిన ఆ గీతను పోలమ్మకే చూపించి, ఓపికగా చెప్పి, రోజూ మాత్ర వేసుకునేట్టు చేశారు. అలా ఒక్కొక్కరినీ దారికి తెచ్చుకున్నారు.

ఈ అనుభవాలను ఆమె ఒక వైద్యుల సదస్సులో వివరించారు. ముందు వరుసలోంచి ఒకాయన లేచి, "ఇంత శ్రమ ఎందుకమ్మా, నోరు కట్టుకోమంటే పోలా?" అన్నాడు. హాలంతా నవ్వింది. "నోరు కట్టుకోమని మీరు చెప్పబట్టే వాళ్ళు మీ గడప తొక్కరు. గడప తొక్కనివాళ్ళకు మీరేం వైద్యం చేస్తారు?" అని ఆమె అడిగారు. భోజనాల దగ్గర ఆయన రెండోసారి బిర్యానీ పెట్టించుకోవడం చూశాను. ఆయన బక్కపలుచని మనిషి గనుక అది ఆకలి అనిపించుకుంది. సంతాపసభలో గుణపాఠం చెప్పిందీ ఆయనే.

ఊరికి యంత్రం కట్టినావిడ తన చేతికి కట్టుకోలేదా అని కొందరు నన్ను అడిగారు. కట్టుకున్నారు. తన నిద్ర కూడా పోలమ్మ నిద్ర లాంటిదేనని ఆమెకు తెలుసు. మందులు మార్చుకున్నారు, వేసుకునే వేళలు మార్చుకున్నారు. తెలిసినంత మాత్రాన జబ్బు చేతికి చిక్కదు. మనకు తెలియనిది ఇంకా ఎంతో ఉంది, వెతకండి అని ఆమె చివరిదాకా మొత్తుకున్నారు. మా వైద్యలోకం "బరువు తగ్గించుకోండి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకుంది.

కర్మకాండ ముగిసీ ముగియకముందే ఆసుపత్రివారు మైపాడు క్యాంపులు ఎత్తేశారు. వాటి బదులు ఏటా టౌనులో ఊబకాయంపై అవగాహన ర్యాలీ తీస్తారట, టోపీలు కూడా పంచుతారట. ఈ మాట చెప్పడానికి నేనే మైపాడు వెళ్ళాను. పోలమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు ఇసుకలో కూర్చుని చేపలు వేరుచేస్తున్నారు. డాక్టరమ్మ మాటెత్తగానే కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇంక మీరే నెల్లూరికి రావాలమ్మా" అన్నాను.

"ఆడికొస్తే పేరడక్క ముందే ఒళ్ళు తగ్గించమంటారు నాయనా. ఈ ఒంటితో మెట్లెక్కొచ్చి తిట్లు తినల్నా? మేం రాం" అంది పోలమ్మ.

"నా గదికి రండి. నేను తిట్టను."

ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది. జాలిగానే చూసింది.

"నువ్వు తిట్టవులే నాయనా, నాకు తెల్సు. నిన్ను చూస్తేనే మాకు సిగ్గేస్తాది. ఆయమ్మ ముందర మాకు సిగ్గుండేది కాదు."

ఏ దేహాన్ని సభలో గుణపాఠమన్నారో, ఆ దేహాన్ని చూసే ఈ తల్లులు ధైర్యంగా చెయ్యి చాపారు. హైమవతి గారి చదువును కొనసాగించగలనేమో, ప్రయత్నిస్తాను. ఆమె కుర్చీలో మాత్రం నేను గానీ, ఆ వేదిక మీది పెద్దలు గానీ కూర్చోలేం. నా గురువుకు ఈ చేతకానివాడి నమస్కారం.