వాళ్లమ్మ ఎక్కగలిగిన కారు

నిన్న పొద్దున్నే వడమాలపేట నుంచి ఫోన్. "శేఖర్ ఇంక లేడప్పా" అన్నారు.

ఏ శేఖర్ అని అడిగాను. నాకు తెలిసిన శేఖర్ ఒక్కడే. అయినా అడిగాను.

తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వచ్చిందంట. గ్యాస్ అని వాళ్లమ్మకు చెప్పాడంట. అంబులెన్స్ వచ్చేలోపే అయిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. శేఖర్, నేను తిరుపతి పాలిటెక్నిక్‌లో క్లాస్‌మేట్స్. వాడు రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పెళ్లి మాటెత్తితే టాపిక్ కార్ల మీదకి మార్చేసేవాడు. ఇంట్లో వాడు, వాళ్లమ్మ, అంతే.

మా గ్రూప్‌లో ఎవరు కారు కొనాలన్నా ముందు వీడి తిట్లు తినాలి. సన్‌రూఫ్ అంటే మండిపడేవాడు.

"తిరుపతి ఎండకు నెత్తిమీద కిటికీ ఎందుకబ్బా, అప్పడాలు ఎండబెట్టుకుంటావా?"

ఏసీ తగ్గించాలన్నా టచ్‌స్క్రీన్ తడుముకోవాల్సిన కార్లంటే ఇంకా కోపం. కంపెనీలన్నీ మామూలు కార్లు మానేసి ఎత్తు బండ్లే చేస్తున్నాయని ఊగిపోయేవాడు.

ఆ కోపం వాళ్లమ్మ కోసం. ఆమెకు మోకాళ్లు అరిగిపోయాయి. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు తిరుపతిలో డయాలసిస్. ప్రతిసారీ వీడే తీసుకెళ్లేవాడు.

ఒకసారి కొత్త కారు చూద్దామని వాళ్లమ్మతో పాటు నన్నూ షోరూమ్‌కి తీసుకెళ్లాడు. సేల్స్ అబ్బాయి స్క్రీన్ చూపిస్తున్నాడు, పాటలు పెడుతున్నాడు. వీడికి ఏదీ పట్టలేదు.

"అదంతా తర్వాత. ముందు మా అమ్మ ఎక్కి దిగాల" అన్నాడు.

ఆమె తలుపు పట్టుకుని ప్రయత్నించింది. కాలు లేవలేదు. ఆ అబ్బాయి పాపం పరిగెత్తి ప్లాస్టిక్ స్టూల్ తెచ్చాడు.

అంతే. "ఇన్ని లక్షలు తీసుకోని స్టూల్ వేసి ఎక్కమంటావా? మా అమ్మ ఏమన్నా అటక ఎక్కతాండాదా?" అని అరిచాడు. షోరూమ్ అంతా మావైపు చూసింది. చివరికి వాళ్లమ్మే నవ్వి, "పదరా, మన పాతదే మేలు" అంది.

ఆ పాతది ఒక సెడాన్. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశారు. స్పేర్ పార్ట్స్ కోసం చెన్నై దాకా తిరిగేవాడు. ఆమె సీట్లో కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు, ఎవరి సాయమూ అక్కర్లేదు. వాడి దృష్టిలో కారంటే అదే.

నిన్న సాయంత్రం వాడిని సాగనంపాం.

ఈరోజు డయాలసిస్ రోజు.

చావు జరిగిన ఇంట్లోంచి తల్లి అప్పుడే గడప దాటకూడదని చుట్టాలు అడ్డుపడ్డారు. ఒక్కరోజు ఆగితే ఏమవుతుందన్నారు. ఆమె కాళ్లు చూస్తే అప్పటికే వాచి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఇంకో చావు అవుతుందని మొహం మీదే చెప్పాను.

కానీ ఆమే రానంది.

"నేనింక యాడికీ రాను నాయనా. వాడే లేకపోయినాక నన్ను బతికించి ఏం జేస్తారు?"

"వాడు ఈ కారు ఎందుకు అమ్మలేదో నీకు తెలుసు కదమ్మా" అన్నాను. ఆమె మెల్లగా లేచి చెప్పులు వేసుకుంది.

వాడి సీట్లో కూర్చున్నాను. నా కాళ్లకు ఇరుకుగా ఉంది. వెనక్కి జరపబుద్ధి కాలేదు.

దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది. రేణిగుంట దాటాక స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు ఎగిరింది.

"రెండో గేర్లో పోనీ నాయనా. ఈడ ఎగిరితే నాకు నడుము పట్టేస్తాదని వాడు రెండో గేర్లోనే పోతాడు."

రెండో గేర్ వేశాను. కళ్లు మసకబారి రోడ్డు సరిగ్గా కనబడలేదు.

ఇప్పుడు ఆమె లోపల మెషిన్ మీద ఉంది. నేను బయట కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలికి పోయే ముందు నా వైపు తిరిగి అడిగింది:

"ఎల్లుండి నువ్వే వస్తావా నాయనా?"

వస్తానమ్మా అన్నాను.

ఫ్రెండ్స్, నేను ఒక్కడినే అన్నిసార్లూ రాలేను. డ్రైవింగ్ వచ్చినవాళ్లు మెసేజ్ పెట్టండి. మీ ఎత్తు బండ్లు మాత్రం తేవద్దు. వాడి కారే తీసుకెళ్దాం.

పోయిరా శేఖరా. అమ్మ సంగతి మేం చూసుకుంటాం. నువ్వింక నిమ్మళంగా ఉండు.