ఐసు బరువు కూడా చూసిన సత్యవతి

గిలకలదిండి రేవులో సత్యవతి ఒకప్పుడు నెత్తిన గంప పెట్టుకుని చేపలమ్మిన మనిషి. ఇప్పుడు సొంత పికప్ బండి కొని గుడివాడ మార్కెట్‌కి సరుకు పంపుతోంది. మొన్న దారిలో వెనక టైరు పేలి, చేపలన్నీ ఎండకి పాడయ్యాయి. మళ్లీ అలా జరిగితే గుడివాడ బేరం ఇంకొకరికి పోతుంది.

బందరు టైర్ల షాపులో బాబ్జీ, "బరువెంత ఎక్కిస్తావక్కా?" అని అడిగాడు.

బండి నడిపే మొగుడు వెంకటపతి చేపల బరువు చెప్పాడు. రేవులో అందరూ చెప్పే లెక్క అదే.

"మరి ఐసు నువ్వు నెత్తిన పెట్టుకుని తెస్తావా బావా?" అంది సత్యవతి. "చేపలెంత బరువో ఐసూ అంతే వేస్తాంగా! పెట్టెలున్నాయి, నువ్వున్నావు, బండి బరువు ఉండనే ఉంది."

బాబ్జీ నవ్వి, అదే సైజులో వేరే టైరు తీశాడు. "పేలినదాని మీద రాసుండే లోడు నంబరు తక్కువక్కా. ఇది ఎక్కువ మోసుద్ది. అలాగని బండి మోసేదానికి మించి ఎక్కించకండి."

"అయితే పెట్టెలు కొన్ని తగ్గిస్తాం. వెనక రెండూ ఇవే వెయ్యి," అంది సత్యవతి.

మర్నాడు ఐసు కరక్కముందే చేపలు గుడివాడ చేరాయి. సరుకు దించేవాళ్లు కొత్త టైర్లని తట్టి చూస్తుంటే వెంకటపతి మీసం దువ్వాడు.

"మా ఆవిడ ఎంచిందిరా! ఐసుని కూడా తూకమేసే మనిషి!"