నాలుగింటికి తీసి ఉండే తలుపు

జిప్పులక్క కన్నకూతుర్ని పోగొట్టుకుని ఆ సంగతి అందరి దగ్గరా దాచిందని మా సందులో ఒక మాట తిరుగుతోంది. ఇస్త్రీ బండి దగ్గర పుట్టి, పాల బూత్ దగ్గర కాళ్ళు తెచ్చుకుని, మలుపులో మందుల షాపుకి చేరేసరికి ఆ మాటకి రెక్కలు కూడా మొలిచాయి. పిల్ల కాలువలో పడిందని ఒకరు, పడలేదు తల్లే వదిలేసి వచ్చిందని ఇంకొకరు. సాయంత్రం నాలుగింటికి ఆవిడ మేడమీద గది తలుపు బార్లా తీసి, గడప పక్కన చిన్న పీట వేసి తను దాని పక్కన నేల మీద కూర్చుంటుందట, ఆ పీట మీద ఎవరూ ఉండరట.

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది. తలుపు నిజం. పీట నిజం. కూతురు మాత్రం అబద్ధం. జిప్పులక్కకి పెళ్ళే కాలేదు, పిల్లలు పుట్టలేదు. కింది వాటాలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న, సందంతా అత్తయ్య అని పిలిచే ఆవిడకి ఇది బాగా తెలుసు. ఆ మెట్లు ఎవరెక్కారో, ఎంతసేపటికి దిగారో వంటగది కిటికీలోంచే చెప్పగల మనిషి ఆవిడ.

అసలు జరిగింది ఇది.

జిప్పులక్క పని పాతబట్టల మరమ్మతు. ప్యాంట్లు పొట్టి చేయడం, హుక్కులు కుట్టడం, అన్నిటికంటే ముఖ్యంగా జిప్పులు. పళ్ళు పట్టేసిన జిప్పుకి కొవ్వొత్తి రాసి, రన్నరు మార్చి, రెండుసార్లు పైకీ కిందికీ లాగి చూపించి ఇచ్చేది. పదకొండేళ్ళ కిందట యూనివర్సిటీలో పరీక్షల గుమస్తా ఒకడు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చాడు.

"అక్కా, నీ మొహం చూస్తే నా కష్టాలన్నీ చెప్పుకోవాలనిపిస్తోంది" అన్నాడు.

"ముందు ప్యాంటు తొడుక్కుని చూసుకో. పొడవు సరిపోతే తర్వాత ఏడుద్దువుగాని."

"నేను కాదక్కా. మా దగ్గరికొచ్చి నువ్వే ఏడవాలి."

అక్కడ ఒక కోర్సు ఉంది. మనసు చెదిరినవాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడించి, ధైర్యం చెప్పే పని నేర్పుతారు. నేర్చుకున్నవాళ్ళని నేరుగా రోగుల మీదికి వదలరు. ముందు ఉత్తుత్తి రోగితో పరీక్ష పెడతారు. ఆ ఉత్తుత్తి రోగిగా జిప్పులక్కని తీసుకువెళ్ళాడు గుమస్తా.

ఆవిడకి ఒకటిన్నర పేజీల కాగితం ఇచ్చారు. అందులో ఒక తల్లి ఉంది. ఆ తల్లికి ఏడేళ్ళ కూతురు. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి బడి నుంచి ఇంటికి రావాలి, రాలేదు. మర్నాడు కాలువలో దొరికింది. అప్పటినుంచి తల్లికి నిద్ర లేదు, తిండి లేదు. మాట్లాడటం మొదలుపెట్టిన ఎనిమిదో నిమిషంలో మాట ఆపేసి తలుపు వైపు చూడాలని కూడా ఆ కాగితంలో రాసి ఉంది.

నియమాల పుస్తకం నీలి అట్టది, అరచేయంత మందం. గుమస్తా అందులోంచి ఆవిడకి కావలసినవి చదివి వినిపించాడు. పరీక్షకి వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే కథ, అవే మాటలు చెప్పాలి. ఒకడికి ఎక్కువ, ఇంకొకడికి తక్కువ చెబితే అన్యాయం కదా. కాగితంలో లేనిది అడిగితే "గుర్తులేదండీ" అనాలి. కాగితం దాటి ఒక్క మాట వచ్చినా ఆ పరీక్ష చెల్లదు.

చివర్లో ఇంకొక నియమం ఉంది. దాని పేరు విడుపు. ఆ రోజు పరీక్షలు అయిపోగానే పరీక్షకులు ఆవిడని వేరే కుర్చీలో కూర్చోబెట్టాలి. పేరు అడగాలి. పొద్దున ఏం చేసిందో, ఇంటికి వెళ్ళి ఏం చేయబోతోందో అడగాలి. "నేను ఆ తల్లిని కాను, నాకు కూతురు లేదు" అని ఆవిడ చేత అనిపించాలి. అప్పుడే పంపాలి.

మొదటి ఏడాది ఒక ముసలి టీచరమ్మ ఈ విడుపు శ్రద్ధగా చేసింది. "ఏదమ్మా, ఇంకోసారి గట్టిగా చెప్పు" అనేది. జిప్పులక్కకి నవ్వొచ్చేది. లేని కూతుర్ని లేదని చెప్పడానికి ఇంత హడావిడా అనుకునేది. ఆ టీచరమ్మ రిటైరయ్యాక వచ్చినవాళ్ళకి తీరిక లేదు. "అక్కా, విడుపు గడిలో ఒక సంతకం పెట్టెయ్, బస్సు పోతుంది" అనేవాడు గుమస్తా. ఆవిడ పెట్టేసేది. అలా పదేళ్ళు పెట్టింది. ఏడాదికి రెండు పరీక్షలు, పరీక్షకి పది పన్నెండు మంది. రెండొందల పైచిలుకు సార్లు కూతుర్ని పోగొట్టుకుని, ఒక్కసారీ విడిపించుకోకుండా ఇంటికి వచ్చింది.

నాలుగో ఏటో ఐదో ఏటో ఒక సాయంత్రం స్కూలు బ్యాగు జిప్పుకి కొవ్వొత్తి రాస్తూ చెయ్యి ఆపి తలుపు వైపు చూసింది. ఎందుకు చూసిందో తెలియదు. గోడ గడియారంలో నాలుగు. తలుపు అవతల మెట్ల మీద చిన్న చప్పుడు. టిక్కు, మళ్ళీ టిక్కు. చెప్పు బకిల్ ఊడదీయబోతే రాక జారిపోయినట్టు. కింది పిల్లలు ఆడుకుంటున్నారనుకుని లేచి తలుపు తీసింది. మెట్లు ఖాళీ. ఎండ మాత్రం మూడో మెట్టు మీద పరుచుకుని ఉంది.

మర్నాడూ అదే వేళకి అదే చప్పుడు. ఆ మర్నాడూ అంతే.

కాగితంలో చెప్పుల మాట లేదు. ఆవిడ ఆ రాత్రే ఆ ఒకటిన్నర పేజీలూ వేలు పెట్టి వెతికింది. రిబ్బను లేదు, చెప్పుల్లేవు, పిల్ల పేరు కూడా లేదు. అయినా బకిల్ పట్టేసిందని, పిల్లకి విప్పుకోవడం చేతకాదని, చెప్పులతో లోపలికి వస్తే అమ్మ తిడుతుందని గడప బయటే నిలబడిందని ఆవిడకి తెలిసిపోయింది. భయం వేయలేదు. పీట వేసింది. కూర్చుని విప్పుకోనీ అనుకుంది. పీట కిర్రుమనలేదు గానీ, చప్పుడు మాత్రం ఆ రోజు కాస్త దగ్గరగా వినిపించింది.

తనకి కూతురు లేదని ఆవిడకి తెలుసు. తెలిసే నాలుగింటికి పని ఆపేది.

ఇక ఆయా సంగతి. ఆస్పత్రిలో పదేళ్ళు ఆయాగా చేసి, ప్రైవేటుగా చదువుకుని, నలభయ్యో ఏట ఆ కోర్సులో చేరిన మనిషి. మొదటిసారి పరీక్షలో జిప్పులక్క కథ విని తనే భోరుమని ఏడ్చి ఫెయిలైంది. రెండోసారి కూడా తప్పితే కోర్సులోంచి తీసేస్తారని నియమం. దింపుడు కళ్లం ఆశతో వచ్చి కూర్చుంది.

ఎనిమిదో నిమిషం వచ్చింది. జిప్పులక్క మాట ఆపి తలుపు వైపు చూసింది. మామూలుగా అందరూ అప్పుడు "ఏమాలోచిస్తున్నారండీ?" అంటారు. దానికి జవాబు కాగితంలో ఉంది. ఆయా అలా అడగలేదు. ఆవిడ చూపు జిప్పులక్క చేతుల మీద ఉంది. మోకాలి ఎత్తున, ఖాళీ గాల్లో, రెండు చేతుల వేళ్ళూ దేన్నో పట్టుకుని విప్పుతున్నాయి.

"ఎవరికి విప్పుతున్నారమ్మా?" అంది ఆయా మెల్లగా.

గుర్తులేదండీ అనాలి. పదకొండేళ్ళుగా అంటూనే ఉంది.

"బకిల్ పట్టేసింది" అంది జిప్పులక్క. "దానికి రాదు. అందుకే లోపలికి రావట్లేదు."

ఆయా కలం కింద పెట్టేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇది పరీక్షమ్మా. మీరు పరీక్షకి వచ్చారు. మీ పేరేంటి?"

జిప్పులక్క నోరు తెరిచింది. కాగితంలో తల్లికి పేరు లేదు. తన పేరు నాలుక మీదికి రాలేదు.

"పోనీ, పొద్దున ఏం చేశారు?"

"రన్నరు మార్చాను."

"దేనికి?"

"స్కూలు బ్యాగుకి. మందుల షాపాయన మనవడిది."

"మంచిది. మీకు పిల్లలున్నారా?"

జిప్పులక్క మళ్ళీ తలుపు వైపు తిరిగింది. పరీక్షకుడు గడియారం ఆపేశాడు. మధ్యలో ఇది పరీక్ష అని చెప్పకూడదు, అది నియమం. ఆయా ఫెయిలని అక్కడికక్కడే రాశాడు.

ఆయా యూనివర్సిటీ పెద్దలకి అర్జీ పెట్టుకుంది. విచారణకి జిప్పులక్కని రమ్మన్నారు. ముందురోజు మధ్యాహ్నం గుమస్తా మెట్లెక్కి వచ్చాడు. ఈసారి చేతిలో ప్యాంటు లేదు.

"అక్కా, నువ్వు కాగితం దాటలేదని ఒక్క మాట చెప్పు. విడుపు సంతకాలు ఎలాగూ ఉన్నాయి. గొడవ ఉండదు."

"మరి ఆ ఆయా?"

"అది పోతే పోతుందక్కా. దాని రాత. నువ్వు కాగితం దాటానన్నావనుకో, నీ దగ్గర్నించి ఆ కాగితం తీసేసుకుంటారు. వేరేవాళ్ళకి ఇస్తారు. ఇన్నేళ్ళ నుంచి నీదే కదా. ఇస్తావా?"

అడగకూడని చోట అడిగాడు. వాడికి ఏమీ తెలియకుండానే అడిగాడు. జిప్పులక్క సూదిలోకి దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించి సూది గుచ్చుకుంది.

"నీ పని చూసుకో తమ్ముడూ" అంది.

నాలుగింటికి తలుపు తీసి పీట దగ్గర కూర్చుంది. మెట్ల మీద టిక్కుమంది. "రేపు నేనొక మాట చెప్పాలే" అంది ఖాళీ గడపతో. "ఆ ఆయా నా చేతులు చూసింది. ఇన్నేళ్ళలో ఇంకెవరూ చూడలేదు. అలాంటి మనిషిని వెళ్ళగొడితే రేపు నిజం తల్లులు వస్తారు కదా, వాళ్ళ చేతులు ఎవరు చూస్తారు?" చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. ఆవిడ చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు పెద్దల ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. కాగితం దాటాననీ, పదేళ్ళుగా విడుపు జరగలేదనీ, సంతకాలు మాత్రం తనవేననీ చెప్పింది. గుమస్తా నేల చూపులు చూశాడు. చెల్లని పరీక్ష లెక్కలోకి రాదు కాబట్టి ఆయాకి మళ్ళీ అవకాశం ఇచ్చారు. తర్వాత పాసైందని విన్నాం. జిప్పులక్క దగ్గర్నించి కాగితం తీసేసుకున్నారు. ఆ గదిలోనే, వేరే కుర్చీలో కూర్చోబెట్టి, పదేళ్ళ బాకీ విడుపు ఒక్కసారే చేశారు. పేరు అడిగారు. ఈసారి చెప్పగలిగింది.

"నేను ఆ తల్లిని కాను. నాకు కూతురు లేదు."

దారం పంటితో తెంపినట్టు తెంపి చెప్పిందట. ఇంటికొచ్చి పీట మంచం కిందికి తోసేసింది. రెండు నెలలు నాలుగింటికి ఆ తలుపు మూసే ఉంది. కింది అత్తయ్య కిటికీలోంచి చూసి, పోనీలే, పీడ వదిలిందనుకుంది.

వదిలితే ఈ కథ ఇంతటితో సరి. కానీ పోయిన నెల నుంచి తలుపు మళ్ళీ తెరుచుకుంది. పీట మళ్ళీ గడప దగ్గరికి వచ్చింది. అప్పుడే సందులో ఆ మాట పుట్టింది. ఊరి నోళ్ళు మూయించాలంటే మనిషినే అడగాలి. అత్తయ్య హుక్కు ఊడిన జాకెట్టు ఒకటి చంకన పెట్టుకుని నాలుగింటికి పావుగంట ముందే మెట్లెక్కింది.

"రా అత్తయ్యా. ఆ హుక్కు నువ్వే పీకావు కదూ?"

"పీకితే ఏం, కుట్టలేవా?"

"కుడతాను. కూర్చో. పీట మీద కాదు, ఇలా మంచం మీద."

అత్తయ్య మంచం మీద కూర్చుంది. గది ఎప్పటిలాగే ఉంది. మిషను, రన్నర్ల డబ్బా, అరిగిన కొవ్వొత్తి ముక్క. అవతల ఎండ మూడో మెట్టు దాకా వచ్చింది. జిప్పులక్క నాలుగు కుట్లు వేసి చెయ్యి ఆపింది. గోడ గడియారం వైపు చూడలేదు, చూడనక్కర్లేదు. అత్తయ్యకి చెవుడు లేదు, భ్రమలూ లేవు. ఆవిడకి ఏ చప్పుడూ వినిపించలేదు. కానీ మంచం మీద ఉన్నదల్లా, దారిలో ఉన్న తన కాళ్ళు రెండూ పైకి తీసుకుని ముడుచుకుంది. ఎందుకు తీసుకుందో ఆవిడకే తెలియదు.

కాసేపటికి తేరుకుంది. "ఒసేయ్, సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. కాగితం ఇచ్చేశావు. కూతురు లేదని పదిమంది ముందు నీ నోటితోనే చెప్పావు. మరి ఈ తలుపు ఎవరి కోసమే?"

జిప్పులక్క జాకెట్టు మడతపెట్టి అత్తయ్య ఒళ్ళో పెట్టింది.

"నాకు కూతురు లేదత్తయ్యా. అది నాది కాదు, నిజమే. ఆ కాగితం ఇప్పుడు వేరే ఆవిడకి ఇచ్చారు. ఆవిడ ఇల్లెక్కడో పిల్లకి తెలియదు కదా. నాలుగయ్యేసరికి అలవాటుగా ఇక్కడికే వచ్చేస్తుంది. తలుపేసి ఉంటే ఎక్కడికి పోతుంది?"