గరుసు గుంతకి కాన్పుకొచ్చిన కొంగలు

యుద్ధం రోజుల్లో రేణిగుంట పక్కన మా మెట్టచేను తవ్వి పారేశారు. సైన్యం లారీలు తిరిగే రోడ్డుకి పరవడానికి గరుసు, అదే కంకరమట్టి, కావాలట. మా చేను కింద మంచి గరుసు ఉండడమే మేం చేసిన పాపం. పని కాగానే గుంత పూడ్చేస్తానని కాంట్రాక్టరు మా మామగారి ఎదుట నిలబడి మాటిచ్చాడు. రోడ్డయింది, లారీలు తిరిగాయి, యుద్ధమూ ముగిసింది. ఆ మనిషి మళ్లీ మా గడప తొక్కలేదు. మా ఆయన నిలదీయబోతే, యుద్ధానికి అడ్డుపడ్డాడని పైకి రాస్తానని మునసబు బెదిరించాడు. కాంట్రాక్టరుకి దగ్గరుండి మా చేను చూపించింది కూడా ఆ మహానుభావుడే. మామగారు ఆ దిగులుతోనే పోయారు. వేరుసెనగ పండే నేలలో నిలువులోతు గుంత మిగిలింది. మట్టి ఎంత తీసిందీ కొలవడానికి మధ్యలో తవ్వకుండా వదిలిన దిబ్బలు, వాటి నెత్తిన పాత తుమ్మచెట్లు, అంతే మాకు దక్కింది.

మా పాడిగేదె ఆ గుంతలో పడి కాలు విరగ్గొట్టుకున్న రోజు మా అత్త గట్టు మీద చాలాసేపు కూర్చుంది. దీన్ని పూడ్చే దిక్కు మనకి లేదు, కనీసం నీళ్లన్నా నిలబెడదాం అంది. గరుసు నేలలో నీళ్లెక్కడ నిలుస్తాయి, వాన వెలిసిన వారానికే ఇంకిపోయేవి. ఎండాకాలంలో ఊరంతా ఎండిన చెరువులోంచి పూడికమట్టి తోలుకుని చేలకి వేసుకుంటారు. మా అత్త ఆ మట్టిని బండ్లతో తెచ్చి గుంతలో పోయించింది. మొదటి వానకి అది నానగానే, ఇంటింటికీ తిరిగి గేదెల్ని అడిగి తెచ్చి, గుంతలోకి దింపి, నీళ్లింకకుండా అడుగు గట్టిపడాలని గుండ్రంగా తిప్పుతూ అడుసు తొక్కించింది. ఊరు పడీ పడీ నవ్వింది. గుంతకి ఎరువేస్తోంది, ఈ ఏడాది గుంతలు కాపు కాస్తాయని మునసబు నలుగురిలో వేళాకోళం చేశాడు. నవ్విన వాళ్లలో ఒక్కడన్నా ఆ కాంట్రాక్టరుని ఇదేం పని అని అడిగిన పాపాన పోలేదు.

నీళ్లు నిలిచాయి. అప్పుడు మేమే ఒక తెలివితక్కువ పని చేశాం. మన చేతి కింది చోటు శుభ్రంగా ఉండాలన్న పట్టుదలతో, గట్టున మొలిచిన జమ్ము, తుంగ అంతా అత్తా నేనూ వేళ్లతో సహా పీకేశాం. గట్టు ఊడ్చి, శుక్రవారం నాడు ముగ్గు కూడా పెట్టాను. గుంత కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్క కప్ప లేదు. కొంగలు పైన ఓ చుట్టు తిరిగి చూసుకుని పులికాట్ వైపు వెళ్లిపోయేవి. మరుసటి ఏడు అత్తకి కీళ్లనొప్పులు, నాకు చంకలో పసిబిడ్డ. గుంత జోలికి పోయే తీరిక లేకపోయింది. జమ్ము ఇష్టారాజ్యంగా పెరిగింది. కప్పలొచ్చాయి, నీటికోళ్లొచ్చాయి. కార్తీకం వానలు తగ్గాక దిబ్బల మీది తుమ్మచెట్లకి కొంగలు పుల్లలు మోయడం మొదలుపెట్టాయి.

గూడు కట్టడానికి వచ్చిన కొంగని మా ఊళ్లో పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డ అంటారు. మాటవరసకి కాదు. గూళ్లున్నన్నాళ్లూ ఆ చెట్టు మీద గొడ్డలి పడదు, ఎవరూ రాయి విసరరు. మా అత్తకి ఆడపిల్లలు లేరు. మొదటి గూడు చూసిన రోజు గట్టు మీద నా చేత పసుపూ కుంకుమా పెట్టించింది.

అవి గుడ్లు పొదుగుతున్న వేళ మునసబు ఒక దొరని తుపాకీతో సహా వెంటబెట్టుకొచ్చాడు. పైగా ఇవి మా ఊరి కొంగలు అని గొప్పగా చూపించడమొకటి. నవ్వడానికైతే మా అత్త గుంత, దొర వచ్చేసరికి ఊరిదైపోయింది. అత్త ఎదురెళ్లి నిలబడింది.

“మునసబప్పా, నీ కూతురు కాన్పుకొచ్చి నీ ఇంట్లోనే ఉండాది గదా. ఈ బిడ్డలూ అందుకే వచ్చినారు. వద్దని ఆ దొరకి చెప్పు.”

ఆవిడ ఏమంటోందని దొర అడిగాడు. మునసబు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దొర అత్త వైపు చూసి నవ్వి, టోపీ ఎత్తి మర్యాద చేసి, తుపాకీ పేల్చాడు. ఆ ఇంగ్లీషుకి అర్థం దొర కారు నడిపే మనిషి తర్వాత మాకు చెప్పాడు. కొంగలు పంట పాడుచేస్తున్నాయి, కాల్చి పుణ్యం కట్టుకోమని ముసలామె వేడుకుంటోందట. అది విన్నప్పుడు నా ఒళ్లు మండిపోయింది.

పడిన కొంగల్లో ఒకటి గట్టు దగ్గరే ఉంది. అత్త నీళ్లలోకి దిగి దాన్ని చెంగులో వేసుకుని నేరుగా మునసబు ఇంటి దారి పట్టింది. పురిటింటి గడపలో చచ్చిన పక్షిని పడేస్తే ఎంత అరిష్టమో ఎవరికి తెలీదు? నేను వెనకాలే పరిగెత్తాను, ఆపడానికి కాదు. ఆ గడపలో అది పడడం కళ్లారా చూడాలనిపించింది. వాకిట్లోకి వెళ్లేసరికి లోపల పసిబిడ్డ ఏడుపు వినబడింది. అత్త ఆగిపోయింది.

“ఆ బిడ్డేం జేసినాది మే,” అని వెనక్కి తిరిగింది. కొంగని గుంత గట్టునే పాతిపెట్టాం.

మిగిలిన కొంగలు గుడ్లు వదిలేసి వెళ్లిపోయాయి. ఆ ఎండాకాలం అత్త మళ్లీ గుంతకి బండి కట్టించింది. ఇంకా ఎవరికోసం ఈ చాకిరీ అని కసిరాను.

“పుట్టింట్లోనే చంపినారు మే. అవి రాకపోతే రానీ. వస్తే మాత్రం ఇల్లుండాల.”

మట్టి తోలుకొస్తుంటే మునసబు ఎదురుపడ్డాడు. ఏమీ జరగనట్టే మా బండి ఆపి, మనవడు బోర్లాపడుతున్నాడని చెప్పాడు. బిడ్డకి దిష్టి తీయండప్పా అని చెప్పి అత్త ఎద్దుల్ని అదిలించింది. నేను మొహం తిప్పుకున్నాను. ఈ రోజుకీ అటు తిప్పలేదు.