తోడల్లుడి అల్మారాలో నా తల

మహబూబాబాద్‌లో మా వంటింటికి నేనే అరలు చేద్దామని, మైకా అంటించిన పార్టికల్ బోర్డును రంపం మిషన్‌తో కోశాను. అంచు పొడుగునా మైకా పేలాల్లా ఎగిరింది. కొన్ని పెచ్చులు పక్క ఊరు కురవి దాకా వెళ్లి పడ్డాయని నా నమ్మకం.

"మా మరిది కోస్తే అద్దం లెక్కుంటది. నువ్వు కోస్తే పందికొక్కు కొరికినట్టున్నది" అంది మా ఆవిడ.

ఆ మరిది జనగామలో ఉండే నా తోడల్లుడు. నా కడుపులో ఇటుకబట్టీ రాజుకుంది.

ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. చేతులు కడుక్కునే సాకుతో వంటింట్లో దూరి, అతను చేసిన అల్మారాలో ఒక్క పెచ్చయినా లేచి ఉండకపోతుందా అని అంచులన్నీ తడిమాను. వెన్నలా ఉన్నాయి. కసిగా కింది అరలో తల దూర్చాను. భుజాలు ఇరుక్కున్నాయి.

"బావా, ఉప్పు డబ్బా కావాల్నా?" వెనక మరదలి గొంతు. ఊరంతా వచ్చినట్టు ఇంటిల్లిపాదీ వచ్చారు.

తోడల్లుడు నా నడుం పట్టి లాగుతూ, "అన్నా, నీ బోర్డు సంగతి వదిన చెప్పింది. మిషన్ల రంపం పండ్లు కిందికెల్లి మీదికొస్తయి. బోర్డు మంచి మొఖం కిందికి వెట్టి, గీత మీద టేపు అంటించి కొయ్యాలె. అడిగితే చెప్పకపోదునా?" అన్నాడు.

సిగ్గుతో సగమయ్యాను. కానీ బయటికొస్తుంటే చెవికి ఏదో గరుకుగా తగిలింది. లోపలి మూలన బియ్యపు గింజంత పెచ్చు! ఎన్ని విందులు తిన్నా నా కడుపు అంతగా ఎప్పుడూ నిండలేదు.