మత్స్య దినోత్సవంలో సాంబారన్నం

ఇప్పుడంటే పొద్దున కళ్లు తెరిచి ఫోన్ ముట్టుకుంటే చాలు, ఈ రోజు పిచ్చుకల దినం, ఈ రోజు చేతులు కడుక్కునే దినం, ఈ రోజు మరుగుదొడ్ల దినం అని ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా గులాబీ పువ్వు పెట్టి మరీ పంపిస్తున్నారు. ఆ రోజుల్లో ఇంత అరాచకం లేదు. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఏ రోజు ఏ దినమో ప్రకటించే అధికారం ఈ భూమ్మీద ఒకే ఒక్కడికి ఉండేది. ఆ ఒక్కడూ నేనే. మా లోకల్ కేబుల్ చానెల్లో పొద్దున్నే భక్తిపాట అయిపోయాక, బంగారం కొట్టు ప్రకటన మొదలయ్యేలోపల 'చరిత్రలో ఈ రోజు' అని ఒక చిన్న కార్యక్రమం వచ్చేది. పైన కోటు, కింద లుంగీ కట్టుకుని (కెమెరాకు బొడ్డు కిందికి చూసే స్తోమత లేదు) నేను దాన్ని చదివేవాణ్ణి. ఆ కోటు మా చానెల్ యజమాని పెళ్లినాటిది. ఆయన భుజాల్లో నాలాంటివాళ్లు ఇద్దరు కాపురం ఉండొచ్చు. మా వైపు మొట్టమొదట మిద్దె మీద డిష్ పెట్టినవాడు కాబట్టి ఆయన్ని ఊరంతా డిష్ అన్న అనేది. అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

ఆ ఉద్యోగంలో నాకు మొదటి నుంచీ ఒక మంట ఉండేది. పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని రోజూ వెతుకుతుంటే చరిత్ర అంతా పారిస్‌లో జరిగేది, లండన్‌లో జరిగేది, ఎక్కడో మంచుదేశంలో ఓడ మునిగి జరిగేది. పెన్న దాటి ఇవతలికి అడుగు పెట్టడానికి చరిత్రకు ఏం మాయరోగం? మా సముద్రంలో ఓడలు మునగలేదా? మా పాళెంలో మనుషులు పుట్టలేదా, చావలేదా? ఈ అన్యాయం మీద పళ్లు కొరుక్కుంటూ ఒకరోజు నవంబరు ఇరవై ఒకటి పేజీ తెరిచాను. నాకు కళ్లు తిరిగాయి. ఇద్దరు మనుషులు బెలూనెక్కి, కింద కట్టుతాడు లేకుండా పారిస్ మీద మొదటిసారి ఎగిరింది ఆ రోజే. మన దేశంలో మొదటి రాకెట్టు కేరళలోని ఒక జాలర్ల పల్లె నుంచి పైకి పోయిందీ ఆ రోజే. ప్రపంచ టెలివిజన్ దినోత్సవం ఆ రోజే. ప్రపంచ హలో దినోత్సవమూ ఆ రోజే. (పదిమందికి హలో చెబితే యుద్ధాలు ఆగుతాయట. మా పాళెంలో పదిమందికి హలో చెబితే అయిదో మనిషి దగ్గరే "ఏందిరా, ఎగతాళా?" అని యుద్ధం మొదలవుతుంది.) వీటన్నిటి అడుగున, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో ఇంకొకటి ఉంది: ప్రపంచ మత్స్య దినోత్సవం.

చరిత్ర చివరికి మా గడప తొక్కింది! మాది సముద్రం మీద బతికే కుటుంబం. మా నాయనా, మా మామలూ వేటకు పోతే మా మేనత్త ఆ చేపలు అమ్మేది. అత్త సంగతి రెండు ముక్కలు చెప్పాలి. ఆమె చేపల పులుసు పెట్టిన రోజు తూర్పుగాలి వీస్తే, నెల్లూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కిన జనం కూడా దిగి మా పాళేనికి నడిచి వచ్చేవాళ్లు. నేను వారం ముందే కోటేసుకుని టీవీలో ఈ దినోత్సవం ప్రకటించేసరికి ఆ కబురు ఎక్కడో పెద్ద కుర్చీ దాకా పోయింది. ఈసారి పండగ మా పాళెంలోనే చేస్తామని, జీపుల్లో ఆఫీసర్లు వస్తారని, భోజనాలు కూడా ఇక్కడేనని డిష్ అన్న మోసుకొచ్చాడు. నేను ఉరుక్కుంటూ అత్త దగ్గరికి పోయాను.

"అత్తా, చేపల దినం. ఆఫీసర్లొస్తా ఉండారు. మూడొందల మందికి భోజనాలు. పులుసు నువ్వే."

అత్త చేటలో రొయ్యలు ఏరుతూ తలెత్తలేదు. "ఎవురు చెప్పినార్రా?"

"చరిత్ర చెప్పింది. టీవీలో నేను చెప్పినా."

"ఆ కోటు తొడుక్కున్నప్పుడు నువ్వు చెప్పేవన్నీ నమ్మాలంటావా? మొన్న భూమి గుండ్రంగా ఉందని ఎవురో కనిపెట్టినాడని చెప్పినావు. మీ మామ పడవేసుకోని ఇన్నేళ్లు ఎట్ట తిరిగొస్తన్నాడనుకున్నావు?"

పక్కనే బీడీ కాలుస్తున్న పెదకాపు (మా పాళెం పెద్ద, ఆయన మాటే మాకు చట్టం) నన్ను ఆదుకున్నాడు. "వాడు చెప్పింది నిజమేలే అమ్మాయ్. చేపల దినానికి చేపలు కాకుండా ఇంకేం పెడతారు? మన పాళెం పరువు. నువ్వే పెట్టాల."

అంతటితో ఊరుకుని ఉంటే పాళెం బాగుపడేది. పెద్దమనుషులంతా కూర్చుని ఆ రోజు దురాయి వేశారు. దురాయి అంటే పాళెం కట్టుబాటు. వేసినాక దాటినవాడికి నీళ్లిచ్చేవాడుండడు. ఏమని వేశారు? ఆఫీసర్లొచ్చే రోజు మనుషులు తక్కువైతే మర్యాదగా ఉండదు కాబట్టి ఒక్క పడవ కూడా సముద్రంలోకి దిగకూడదని! ఆలోచించండి. ప్రపంచమంతా జాలర్లను గౌరవించే రోజున జాలర్లు చేపలు పట్టడం నేరం. వాయుగుండం పోయి సముద్రం అప్పుడే మెత్తబడింది, చేప గుంపులు గుంపులుగా వస్తోంది, మా మామ ఒడ్డున ఇస్త్రీ చొక్కా వేసుకుని సముద్రాన్ని చూస్తూ ఏడుపు మొహం పెట్టుకున్నాడు.

ముందురోజు ఆదివారం వేటలో పడిన వంజరం, చందువ, పెద్ద పెద్ద మడవలు (ఒక్కో మడవ మా డిష్ అన్న అంత ఉందంటే మీరు నమ్మరు, నమ్మొద్దు) మొత్తం అత్త ఆపేసింది. రోజూ వచ్చే మద్రాసు బండి హారన్ కొట్టి కొట్టి విసుగొచ్చి ఖాళీగా వెళ్లిపోయింది. ఆ నెల్లో మా వైపు చేప కొనే నాథుడే ఉండడు, ఆ మద్రాసు బండి ఒక్కటే అత్తకు దిక్కు. దాన్ని నా మాట మీద తిప్పి పంపింది. ఆ నెల్లో చేపలెందుకు అమ్ముడుపోవు అని అప్పుడు నాకు ఒక్క క్షణం తట్టి ఉంటే ఈ కథే లేదు. నాకు తట్టలేదు. పెదకాపుకు తట్టలేదు. సముద్రం మీద బతికేవాళ్లకు పోటూ పాటూ తెలుస్తాయి, అమావాస్యా పున్నమీ తెలుస్తాయి, ఊళ్లోవాళ్లు ఎప్పుడు ఏది తినడం మానేస్తారో పట్టించుకునే తీరికుండదు.

సోమవారం తెల్లారేసరికి అత్త పొయ్యి మీద అండా ఎక్కించింది. ఆ అండాలో మా చానెల్ ఆఫీసును సామానుతో సహా దించొచ్చు. మామిడికాయల కాలం కాదు కాబట్టి ఎండబెట్టి దాచిన ఒరుగులు వేసింది, చింతపండు పులుసు పోసింది, మెంతులు వేయించి దంచి చల్లింది. పొద్దెక్కేసరికి ఆ వాసనకు పాళెంలో కుక్కలన్నీ కట్టగట్టుకొచ్చి క్రమశిక్షణగా వరసలో కూర్చున్నాయి.

జీపులొచ్చాయి. పెద్దాఫీసరు దిగాడు. నుదుటి మీద మూడు విభూతి రేఖలు, మెళ్లో రుద్రాక్షలు. ఆయన వెనకాల దిగిన ప్రతివాడి నుదుటా విభూతే. వీళ్లు చేప ముట్టుకుంటారా అని నాకు అనుమానం వచ్చింది. అయినా మైకు పుచ్చుకుని ఆయన మాట్లాడిన మాటలు వింటే మీకూ ధైర్యం వచ్చేది. చేప తినండి, చేపలో మాంసకృత్తులున్నాయి, చేప తింటే కళ్లు బాగుంటాయి, గుండె బాగుంటుంది, పిల్లలకు తెలివొస్తుంది, వారానికి రెండుసార్లు చేప తినని ఇల్లు ఇల్లే కాదు! తెరచాప ఎండిపోయేంతసేపు మాట్లాడాడు. తర్వాత అత్తను వేదికెక్కించి శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చారు. గాజుపెట్టెలో ప్లాస్టిక్ చేప. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మైకు దగ్గరే ఉందని తెలియక, "ఇదేం చేపబ్బా, మొప్పలు లేవు" అంది. జనం ఈలలేశారు.

ఇక భోజనాలు అన్నారు. అత్త కొంగు బిగించి గరిటె పట్టుకుంది. సరిగ్గా అప్పుడు నెల్లూరు నుంచి ఒక వ్యాను వచ్చి ఆగింది. దాంట్లోంచి పులిహోర దిగింది. సాంబారన్నం దిగింది. పెరుగన్నం దిగింది. చివర్లో, మమ్మల్ని వెక్కిరించడానికన్నట్టు, వడియాలు దిగాయి.

నేను పెద్దాఫీసరు దగ్గరికి పోయాను. ఒళ్లంతా మంటగా ఉన్నా నోట్లోంచి వినయమే వచ్చింది. "సార్, పులుసు రెడీ సార్. మా అత్త పెట్టింది."

ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అయ్యయ్యో, కార్తీక సోమవారం కదా బాబూ! నేను ఉపవాసం. మావాళ్లలో ఉపవాసం లేనివాళ్లకే ఈ సాంబారు. ఈ రోజు నీచు మాటెత్తితేనే పాపం."

ఇందాక మైకులో ఎత్తింది ఏ మాట సార్ అని నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన ఆ మాట అంటూనే కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, అండా వైపు నుంచి వస్తున్న గాలిని గుండెల నిండా లాక్కున్నాడు. వాసనకు మడి లేదు కాబోలు. కుక్కలకన్నా ఆయనే ఎక్కువ పీల్చాడని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

జీపులు పోయాయి. పాళెం జనానికి పులుసంటే కొత్తేముంది, తలా ఇంత తిని, ఉచితంగా వచ్చిన పులిహోర మీద పడ్డారు. అండా మాత్రం నిండుకుండలాగే ఉంది. పెదకాపు బీడీ వెతుక్కుంటున్నట్టు నటిస్తూ పక్కకు జారుకున్నాడు. అత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేది. శాలువా మడిచి అండా మూత మీద పరిచి, దాని మీద ప్లాస్టిక్ చేపను పెట్టి, "బండిని తిప్పి పంపినాను గదరా" అంది, సముద్రంతో చెప్పినట్టు.

ఆ మాటతో నాకు కోపం నెత్తికెక్కింది. మరుసటి రోజు పొద్దున కోటేసుకుని కెమెరా ముందు కూర్చున్నాను. చేతిలో నవంబరు ఇరవై రెండు విశేషాలున్నాయి. వాటిని పక్కన పెట్టేశాను.

"చరిత్రలో నిన్నటి రోజు," అన్నాను, "ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, చేప తినమని చెప్పడానికొచ్చిన పెద్దలు సాంబారన్నం తిని వెళ్లారు. ఇట్లాంటిది ప్రపంచ చరిత్రలో ఎక్కడా జరగలేదు. వంజరం, చందువ, మడవ కలిసి ఊరిన ఆ పులుసు మా అత్త ఇంటి ముందు అట్లాగే ఉంది. చేపల పులుసు మరుసటి రోజే పండుతుందని తెలిసిన మహానుభావులు నెల్లూరు జిల్లాలో ఎవరైనా మిగిలి ఉంటే గిన్నె తీసుకుని రావలసిందిగా మనవి. ఈ రోజు మంగళవారం. నమస్కారం."

బంగారం కొట్టు ప్రకటన పూర్తయ్యేలోపల మొదటి స్కూటర్ వచ్చింది. పొద్దు నడినెత్తికొచ్చే పైటేలకు మా పాళెం దారిలో గేదెలు నడవడానికి సందు లేదు. క్యారియర్లు, సత్తు గిన్నెలు, ఒకాయనైతే ఏకంగా కొత్త బకెట్టు! కార్తీకమంటే సోమవారాలు మాత్రమేనని, మంగళవారం నిక్షేపంగా తినొచ్చని ఆ రోజే కనిపెట్టిన పండితులంతా ఆ వరసలో నిలబడ్డారు. చివర్లో ఒక జీపు వచ్చింది. డ్రైవర్ నాలుగు గిన్నెల క్యారియర్ పట్టుకుని గొంతు తగ్గించి, "సారుకు కాదక్కా, సారు ఇంట్లోవాళ్లకి" అన్నాడు. నేను నోరు తెరవబోయాను. అత్త గరిటెతో నన్ను వెనక్కి తోసి నాలుగు గిన్నెల్లోనూ మంచి ముక్కలే వేసింది.

"సారుతో చెప్పు," అంది, "నిన్న ఆయన దేవుడి మాట విన్నాడు, ఇయ్యాల కడుపు మాట విన్నాడు, తప్పేం లేదని. ఇంకోసారొస్తే ముందు పంచాంగం చూసుకోని రమ్మను."

సాయంత్రానికి అండా అడుగు కనపడింది. నేను విజయగర్వంతో ఆఫీసుకు పోతే డిష్ అన్న గుమ్మంలోనే చెయ్యి చాచాడు. షేక్‌హ్యాండ్ అనుకున్నాను. కోటు కోసమట.

"నిన్ను చరిత్ర చదవమన్నాను, వంటకాలు చదివినావు. పొద్దున్నుంచి ఫోన్లు. పెద్దాఫీసరు ఆఫీసు నుంచి కూడా."

"ఆయన పులుసు తిన్నాడన్నా!"

"తిన్నాడు కాబట్టే ఇంకా కోపం."

ఆ మర్నాటి నుంచి నా స్థానంలో రాశిఫలాలు వచ్చాయి. ఏ దేశపు న్యాయం ఇది? ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నా రక్తపోటు బిళ్ల ఒకటి చాలదు. అత్త మాత్రం ఆ ఏడాది నుంచి నా మాట మీద ఒక్క చేపను కూడా ఆపలేదు. నేను టీవీలో లేననే బెంగా పెట్టుకోలేదు. "పోన్లేరా, ఆ కోటులో నువ్వు దిష్టిబొమ్మలా ఉండేవోడివి" అనేసింది.

మొన్నీమధ్య ఒక నవంబరు ఇరవై ఒకటిన పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. ముసలిదైపోయింది, అయినా గొంతులో అలల హోరు తగ్గలేదు. "ఇయ్యాలేదో దినమంట గదరా. మనవడు ఫోన్లో చూసి చెప్పినాడు. వంజరం పులుసు పెట్టినా. రా."

నేను వంటింటి వైపు చూశాను. మా ఆవిడ సొరకాయ తరుగుతోంది. మా ఇంట్లో సోమవారాలే కాదు, నెల మొత్తం నిష్ఠ. డాక్టరూ ఆవిడా కలిసి కుట్ర పన్ని నాకు భక్తి పుట్టించారు. "కార్తీకం అత్తా," అన్నాను గొంతు తగ్గించి, "నెల పోయినాక వస్తాలే."

 అత్త, తిట్టినట్టు కాదు, జాలిపడినట్టు అంది: "చివరికి నువ్వూ ఆఫీసరువైపోయినావురా."

ఫోన్ పెట్టేశాక, సొరకాయ కూర తిందామని కూర్చుని చూసుకుందును గదా, కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, తూర్పు కిటికీలోంచి వస్తున్న గాలిని గుండెల నిండా పీలుస్తున్నాను.